జిల్లా విశ్వవిద్యాలయాలకు బయటి పండితులు: పాఠం ఎవరికి, పత్రం ఎవరికి?

పానగల్లు కట్ట:
నల్లగొండలో మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం 2007లో, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడ్డాయి. వేర్వేరు శాస్త్రాలకు చెందిన పండితులు ఏటా ఒక సెమిస్టర్ పాటు ఈ క్యాంపస్‌లలోనే ఉండి పాఠాలు చెప్పి, పరిశోధన చేసుకునే శాశ్వత పథకం ఒకటి ఉండాలన్నది నా వాదన. మన విద్యార్థుల్లో చాలామంది పల్లెల నుంచి బస్సుల్లో వచ్చిపోయేవాళ్ళు. హైదరాబాదు వెళ్ళి సదస్సులు వినే వీలు వాళ్ళకు లేదు కనుక, వినదగినవాళ్ళనే ఇక్కడికి రప్పించాలి. ఇది ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు. నాగార్జునకొండలో సింహళ ఆచార్యుల కోసం బోధిసిరి అనే ఉపాసిక చైత్యం కట్టించిందని ఇక్ష్వాకుల నాటి శాసనం చెబుతోంది.

హిల్ కాలనీ:
నాగార్జునకొండ ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఉందండీ.

మూసీ ఒడ్డు:
శాశ్వత పోస్టులు ఖాళీగా ఉండి, ఒప్పంద, పార్ట్‌టైమ్ అధ్యాపకులే విభాగాలను నెట్టుకొస్తున్న చోట ఈ ముచ్చట అవసరమా? విదేశీ ఆచార్యులను కొద్దిరోజుల కోర్సులకు రప్పించే జ్ఞాన్ పథకాన్ని కేంద్రం 2015లో తెచ్చినప్పుడు విదేశీ ఆచార్యుడికి వారం కోర్సుకు 8 వేల డాలర్ల దాకా, రెండు వారాలకు 12 వేల డాలర్ల దాకా ఇవ్వవచ్చన్నారు. ఆ సొమ్ము మా వైపు ఒక ఒప్పంద అధ్యాపకుడికి ఎన్ని నెలల జీతమో మీరే లెక్క కట్టుకోండి.

పానగల్లు కట్ట:
ఆ మొత్తంలోనే విమానం ఖర్చు కూడా ఉంటుంది. దాన్ని జీతంగా చూపడం సరికాదు.

మూసీ ఒడ్డు:
విమానం ఖర్చు తీసేసినా నా లెక్క నిలుస్తుంది.

పానగల్లు కట్ట:
నిలవదు. పైగా నేను అడిగేది విదేశీయులను మాత్రమే కాదు.

హిల్ కాలనీ:
కొండ సంగతికి జవాబు రాలేదు.

దేవరకొండ దారి:
వృత్తి అనుభవం ఉన్నవాళ్ళను అధ్యాపకులుగా తీసుకునే ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ మార్గదర్శకాలను యూజీసీ 2022లో ఇచ్చినప్పుడు, ఆ నియామకాలు మంజూరైన పోస్టుల్లో 10 శాతం మించకూడదని, అవి ఆ పోస్టులకు అదనమే తప్ప వాటి సంఖ్యను తగ్గించకూడదని రాసింది. ఈ పథకానికీ అలాంటి నిబంధన పెట్టుకుంటే పోస్టుల గొడవ తీరుతుంది కదా.

పానగల్లు కట్ట:
ధన్యవాదాలు. బయటివాళ్ళ వల్ల మనకు ఒరిగేదేమిటని అనేవారికి ఒక్క ఉదాహరణ చాలు. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ శాస్త్రవేత్తలు పటిక, సున్నంతో నీళ్ళలో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని రూపొందిస్తే, అది నల్లగొండ టెక్నిక్ అన్న పేరుతో టాంజానియా, ఇథియోపియా దాకా పోయింది.

మూసీ ఒడ్డు:
పేరు అంత దూరం పోయింది, బాగానే ఉంది. ఆ పద్ధతిలో రోజూ మోతాదు చూసి పటిక కలపాలి, అడుగున దిగే మడ్డిని తీసి పారబోయాలి. ఊళ్ళో ఆ పని ఎవరు చేస్తారో ఎవరూ అడగలేదు. చివరకు మాకు అక్కరకొచ్చింది కృష్ణా నీళ్ళే.

పానగల్లు కట్ట:
మూసీ ఒడ్డు గారూ, మీ అభ్యంతరం డబ్బు మీదా, పటిక మీదా కాదని నాకు తెలుస్తూనే ఉంది. బయటివాడికి కుర్చీ వేస్తే మీకు కడుపుమంట.

మూసీ ఒడ్డు:
కడుపుమంటే అనుకోండి. ఎందుకో వినండి. నేను పనిచేసిన ఒక సంస్థకు (పేరు అక్కర్లేదు) బయటి నుంచి వచ్చిన పరిశోధకుడిని మర్రిగూడ వైపు ఊళ్ళకు తిప్పింది నేను. ఫ్లోరైడ్‌కు గాజుతో పొసగదు కనుక బోరు నీళ్ళను ప్లాస్టిక్ సీసాల్లో పట్టి, ఒక్కొక్క సీసా మీద ఊరి పేరు, బోరు లోతు, తేదీ రాసింది నేను. పళ్ళ మీది గోధుమరంగు చారలు కనబడతాయని నోటికి చున్నీ అడ్డం పెట్టుకున్న పిల్లను ఒప్పించింది, మూత్రం నమూనాలు ఇమ్మని తల్లులను బతిమాలిందీ నేనే. పత్రం అచ్చయితే అందులో నా పేరు లేదు. అదీ పోనివ్వండి, ఆ తర్వాత ఆ ఊరికి పోతే "సారూ, మా పిల్లల రిపోర్టు ఏది?" అని అడిగారు. ఆయన ఇచ్చిపోలేదు, నా దగ్గర లేదు. ఇవాళ్టికీ ఆ ఊరి మీదుగా పోవాలంటే నాకు మొహం చెల్లదు.

నారాయణపేట మగ్గం:
అన్నా, మా వైపూ ఇదే తంతు. పంట కోతలయ్యాక జనం గుంపు మేస్త్రీ వెంట వలసపోతారు, వానలకు తిరిగొస్తారు. చలికాలంలో వారం రోజులకని వచ్చే పరిశోధకులకు ఇంటి ముందు కూర్చున్న ముసలివాళ్ళే దొరుకుతారు, వాళ్ళు చెప్పిందే పాలమూరు వలస అయిపోతుంది. అందుకే వారం కోర్సులు వద్దంటాను, సెమిస్టర్ పాటు ఉండే మనిషి కావాలంటాను. ఈ విషయంలో నేను పానగల్లు గారి వైపే.

పానగల్లు కట్ట:
మీకు జరిగింది అన్యాయమే. అయితే అది ఒప్పంద పత్రంలో రాసుకోవలసిన షరతు, పథకాన్నే వద్దనడానికి కారణం కాదు. స్థానిక అధ్యాపకుడి పేరు పరిశోధన పత్రంలో ఉండాలని, ఫలితాలు తెలుగులో ఊరికి అందాలని రాద్దాం.

మూసీ ఒడ్డు:
అంతటితో సరిపోదు. ఏ ప్రశ్న మీద పరిశోధన జరగాలో కూడా ఇక్కడివాళ్ళే నిర్ణయించాలి.

పానగల్లు కట్ట:
అది మాత్రం నేను ఒప్పుకోను. నల్లగొండ పిల్ల అంటే ఫ్లోరైడే చదవాలా? పాలమూరు పిల్లవాడంటే వలస మీదే రాయాలా? మన కష్టాలతో ఏ సంబంధమూ లేని గణితమో, గ్రీకు నాటకమో, నక్షత్రాల పుట్టుకో చెప్పడానికి ఒకరు వస్తానంటే, మా సమస్యల జాబితాలో మీ విషయం లేదని వెనక్కి పంపేద్దామా? ఆ చదువులు నగరం పిల్లలకేనని మనమే రాసిచ్చినట్టు అవుతుంది.

మూసీ ఒడ్డు:
గణితం చెప్పే ఆయన మా ఊళ్ళ నుంచి సీసాలు పట్టుకుపోడు. ఆయనను రానివ్వండి, వెనక బెంచీలో నేనూ కూర్చుంటాను. ఊళ్ళోకి దిగేవాళ్ళ విషయంలో మాత్రం నా మాట ఇదే.