బీఎస్సీ అగ్రి చదివిన పిల్ల ఇంజినీరింగ్ ఎంఎస్ చేయాలంటే లెక్కలు మళ్లీ మొదటి నుంచా?

చెరకుపాకం:
మాది అనకాపల్లి దగ్గర పల్లె. ఇప్పుడు వైజాగ్ మద్దిలపాలెంలో ఉంటున్నాం. చెల్లి శ్రీకాకుళం దగ్గర నైరా వ్యవసాయ కాలేజీలో బీఎస్సీ అగ్రికల్చర్ చేసింది, ఓజీపీఏ (మొత్తం కోర్సు గ్రేడ్ల సగటు) పదికి 8.4. అమెరికాలో అగ్రికల్చరల్ అండ్ బయొలాజికల్ ఇంజినీరింగ్‌లో ఎంఎస్ చేయాలని దాని పట్టుదల. ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో 7 వచ్చింది. తను చూసుకున్న డిపార్ట్‌మెంట్ జీఆర్ఈ ప్రవేశ పరీక్ష అడగడం లేదు. ఇక ఢోకా లేదనుకుంటుంటే మెయిల్‌కి జవాబొచ్చింది. ఇంజినీరింగ్ డిగ్రీ లేదు కాబట్టి కాల్‌క్యులస్, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, స్టాటిక్స్, థర్మోడైనమిక్స్, ఫ్లూయిడ్ మెకానిక్స్ పూర్తి చేయాలట. వాటి క్రెడిట్లు ఎంఎస్ లెక్కలోకి రావట. అంటే ఇంచుమించు ఇంకో ఏడాది, ఆ ఫీజూ మన నెత్తినే. నాలుగేళ్లు పొలంలో తిరిగిన పిల్లకి ఇదేం న్యాయం? కోర్సు పేరులోనే బయొలాజికల్ అని ఉంది కదా!

బాపట్ల_ట్రాక్టర్:
న్యాయమే తమ్ముడూ, కోపం తెచ్చుకోకు. నేను బాపట్లలో బీటెక్ అగ్రికల్చరల్ ఇంజినీరింగ్ చేశాను. బయొలాజికల్ అన్న మాట తర్వాత వచ్చి చేరింది. అమెరికాలోని వ్యవసాయ ఇంజినీర్ల సంఘం 1907లో పుట్టింది, ఆ మాటను పేరులో చేర్చుకున్నది 2005లో. కోర్సు వెన్నెముక మాత్రం ఇంజినీరింగే. కాలువలో నీళ్లు ఎంత వేగంగా పారతాయో, డ్రయ్యర్‌లో పోసిన ధాన్యంలో తేమ గంటగంటకీ ఎలా దిగుతుందో, అన్నీ ఈక్వేషన్లే. మొదటి సెమిస్టర్‌లోనే ఇలాంటి ఈక్వేషన్లు కట్టే మోడలింగ్ క్లాసు పడితే మీ చెల్లి ఏం చేస్తుంది? ఇంకో మాట. మన దగ్గర ఇదే బ్రాంచిలో ఎంటెక్ చేయాలంటే బీఎస్సీ అగ్రి వాళ్లని గుమ్మం కూడా ఎక్కనివ్వరు, బీటెక్ ఉండాల్సిందే. అమెరికా వాళ్లు తలుపు ఓరగానైనా తెరిచి పెట్టారు.

చెరకుపాకం:
మీరు చెప్పింది బాగానే ఉంది గానీ అన్నా, ఒకటి వినండి. చెల్లి ఫైనలియర్‌లో ఉండగా మా చిన్నాన్న వాళ్ల బెల్లం పొయ్యి దగ్గర రెండు రాత్రులు కూర్చుంది. పెనంలో రసం మరుగుతుంటే పది నిమిషాలకోసారి థర్మామీటరు పెట్టి నోట్‌బుక్‌లో రాసుకుంది. పిప్పి ఎన్ని మోపులు కాలిందో తూకం వేయించింది. ఆ వారం వాన పడి పిప్పి పచ్చిగా ఉంది, మంట ఎక్కక ఒకటే పొగ. పాకం 118 డిగ్రీలు దాటేసరికి చిన్నాన్న చుక్క తీసి నీళ్లలో వేసి, ఉండ కట్టిందని చూసి పెనం దింపించాడు. ఆయనకి థర్మామీటరుతో పనే లేదు, అది వేరే సంగతి. పచ్చి పిప్పి వల్ల ఎంత ఎక్కువ కాల్చాల్సి వచ్చిందో చెల్లి పట్టిక వేసి చూపించింది. ఇది ఇంజినీరింగ్ కాదా?

బాపట్ల_ట్రాక్టర్:
సగం ఇంజినీరింగ్. మీ చెల్లి ఓపికకి దండం, నిజంగానే చెప్తున్నాను. ఎంత కాలిందో తూచింది, బాగుంది. ఆ వేడిలో రసానికి ఎంత పట్టింది, పొగతో ఎంత పోయింది, పొయ్యి గోడ ఎంత మింగింది? పొయ్యిని ఎలా మార్చి కడితే పిప్పి మిగులుతుంది? అక్కడికి రాగానే థర్మోడైనమిక్స్ కావాలి. వాళ్లు అడుగుతున్నదీ అదే.

గాజువాక_చిన్నోడు:
ద్వారకానగర్‌లో ఒక కన్సల్టెన్సీ వాడు నాకు ‘ప్రాబ్లమే లేదు, ఎస్ఓపీ (ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నామో చెప్పే వ్యాసం) బాగా రాస్తే చాలు’ అన్నాడు. కాల్‌క్యులస్ ఊసే ఎత్తలేదు. అప్లికేషన్ ఫీజులు మాత్రం ఆరు యూనివర్సిటీలకి కట్టించాడు.

సీతమ్మధార_టీచర్:
దెబ్బలాట అమెరికా వాళ్లతో ఎందుకు బాబూ? పదో తరగతి అవగానే మనమే పిల్లల్ని ఎంపీసీ, బైపీసీ అని రెండు గట్లకి తోలేస్తున్నాం. బీటెక్ అగ్రి ఎంపీసీ వాళ్లది, బీఎస్సీ అగ్రి బైపీసీ వాళ్లది. పదహారేళ్ల పిల్ల కప్పని కోయడం ఇష్టమని బైపీసీ తీసుకుంటే లెక్కలతో రుణం తీరిపోయినట్టే. బీఎస్సీ అగ్రిలో వాళ్లకి ఎలిమెంటరీ మ్యాథమెటిక్స్ అని ఒక చిన్న కోర్సు పెడతారు. దాని మీద డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ నిలబెట్టడమంటే తాటాకు పందిరి మీద డాబా వేసినట్టే. ఆ అమ్మాయి తప్పు కాదు, ఆ యూనివర్సిటీ తప్పూ కాదు.

అర్బానాలో_ఉక్కునగరం:
మాది ఉక్కునగరం, ఇప్పుడు ఇల్లినాయ్‌లో ఉంటున్నాను. మా యూనివర్సిటీలో ఈ డిపార్ట్‌మెంట్ రెండు రకాల ఎంఎస్ ఇస్తుంది. ఒకటి ఇంజినీరింగ్. రెండోది టెక్నికల్ సిస్టమ్స్ మేనేజ్‌మెంట్, దానికి ఇంజినీరింగ్ డిగ్రీ అక్కర్లేదు. యంత్రాలు, డ్రైనేజీ, ధాన్యం నిల్వ లాంటి విషయాలే, గణితం పాలు తక్కువ. ఇలాంటివి ఇంకెక్కడున్నాయో మీ చెల్లిని వెతకమనండి. అన్నిటికన్నా ముఖ్యం, థీసిస్ ఎంఎస్‌లో గైడ్‌గా ఉండటానికి ప్రొఫెసర్ ఒప్పుకోవాలి. ఆయన అసిస్టెంట్‌షిప్ (చదువుతూ డిపార్ట్‌మెంట్‌లో చేసే జీతం పని) ఇస్తే ఫీజు భారం చాలా మటుకు తగ్గుతుంది. నాలుగు పేరాల ఎస్ఓపీ కన్నా ఆ బెల్లం పొయ్యి పట్టిక మెయిల్‌కి జతచేసి పంపితే పని జరుగుతుంది. అదనపు కోర్సుల్లో ముందే చదివినవాటిని ఒప్పుకుంటారేమో కూడా ఆ ప్రొఫెసర్‌నే అడగాలి, ఆఫీసు వాళ్లని కాదు.

బాపట్ల_ట్రాక్టర్:
మేనేజ్‌మెంట్ డిగ్రీతో తర్వాత ఇంజినీర్ ఉద్యోగాలకి వెళ్తే అక్కడ మళ్లీ ఇదే పేచీ రావచ్చు. అది కూడా చూసుకోండి.

చెరకుపాకం:
చెల్లికి అందరి జవాబులూ చదివి వినిపించాను. మేనేజ్‌మెంట్ ఎంఎస్ మాట ఎత్తితే ‘పొయ్యి కట్టడం నేర్చుకుందామని వెళ్తుంటే పొయ్యి దగ్గర సూపర్‌వైజర్ పనా’ అంది. ఏడాది ఎక్కువ పట్టడం అన్యాయమనే నేను ఇప్పటికీ అంటాను, కనీసం ఆ క్రెడిట్లలో సగమైనా కలపొచ్చు. చెల్లి మాత్రం నాతో వాదించడం మానేసి ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలుండే ఎన్‌పీటెల్‌లో ఫ్లూయిడ్ మెకానిక్స్ కోర్సులో చేరిపోయింది. మొదటి వారం ఎసైన్‌మెంట్‌లో నూటికి 40 వచ్చాయి. రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి ‘ఇంటిగ్రేషన్ గుర్తుందా అన్నయ్యా’ అని అడిగింది. నేను బీకాం! టీచర్ గారూ, సాయంత్రాలు మీ దగ్గర గంటసేపు కుదురుతుందా?

సీతమ్మధార_టీచర్:
ఆదివారం పొద్దున్న పంపించు. ఆ బెల్లం నోట్‌బుక్ కూడా తెమ్మను.