పొడుగు వాక్యం సింపుల్, పొట్టి వాక్యం కాంప్లెక్స్ ఎట్లయితది?

హన్మకొండ టెట్ బ్యాచ్:
సార్, టెట్ (టీచర్ అర్హత పరీక్ష) ఇంగ్లిష్ గ్రామర్ల సింపుల్–కాంప్లెక్స్ వాక్యాల బిట్లు తప్పుతున్నయ్. "హ్యావింగ్ ఫినిష్డ్ ద వర్క్, రవి వెంట్ హోమ్" కాంప్లెక్స్ అని పెట్టిన, కీలో సింపుల్ అని ఉంది. "ఐ నో హి ఈజ్ ఆనెస్ట్" సింపుల్ అనుకున్న, అది కాంప్లెక్సట. మొదటిదాన్ని తెలుగుల చెప్తే "పని ముగించి రవి ఇంటికి పోయిండు", అది సంక్లిష్ట వాక్యమే కదా? జర వివరంగ చెప్పుండ్రి.

కాజీపేట ఇంగ్లిష్ టీచర్:
తమ్మీ, నీ తికమకంతా తెలుగు పీరియడ్‌ నుంచి వచ్చింది. తెలుగులో "ముగించి" లాంటి అసమాపక క్రియ (అర్థం పూర్తి కానిది) ఉండి చివర "పోయిండు" లాంటి సమాపక క్రియ (అర్థం పూర్తి చేసేది) ఒక్కటే ఉన్నా సంక్లిష్టమే. ఇంగ్లిష్‌లో అసమాపక క్రియలు లెక్కకే రావు. సమాపక క్రియలు, అంటే ఫైనైట్ వెర్బ్స్, ఎన్నున్నాయో అదే చూడాలి.

ఎట్ల పట్టుకోవాలంటే, వాక్యాన్ని నిన్నటి నుంచి ఇవ్వాల్టికో, ఇవ్వాల్టి నుంచి నిన్నటికో మార్చి చూడు. "వెంట్" కాస్తా "గోస్" అయితది, "హ్యావింగ్ ఫినిష్డ్" మాత్రం కదలదు. మారింది ఒక్కటే, కాబట్టి సింపుల్. రెండోదాంట్లో "నో", "ఈజ్" రెండూ "న్యూ", "వాజ్" అయితయి, వేటి కర్త వాటికి ఉంది, రెండో ముక్క మొదటిదాని మీద ఆధారపడింది. అది కాంప్లెక్స్. పొడుగుతో పని లేదు.

"హాజ్ బీన్ వెయిటింగ్"ను మూడు క్రియలని లెక్కపెట్టకు, మొత్తం కలిసి ఒక్కటే.

"వర్షం పడితే చెరువు నిండుతుంది" అన్నప్పుడు రెండు భాషల్లోనూ సంక్లిష్టమే, ఎందుకంటే "ఇఫ్ ఇట్ రెయిన్స్"లో "రెయిన్స్" ఫైనైట్. ఇట్ల అప్పుడప్పుడు లెక్క కలుస్తది కాబట్టే తెలుగు సూత్రం పనిచేస్తున్నట్టు అనిపిస్తది.

ఓరుగల్లు గ్రామర్:
పై జవాబుకు తోడు: "ఐ నో"కు, "హి"కి మధ్య "దట్" దాక్కుంది. అట్లనే "ద బుక్ ఐ బాట్ ఎట్ చౌరస్తా ఈజ్ టోర్న్". "బుక్", "ఐ" పక్కపక్కనే వచ్చాయి, నడుమ కామా లేదు, "అండ్" లేదు. అక్కడ "విచ్" పెట్టి చదవండి, అతికితే కాంప్లెక్స్.

ఇంకో గుంత: ఆఫ్టర్, బిఫోర్, సిన్స్, టిల్. ఈ మాటలు కనిపించగానే కాంప్లెక్స్ అని టిక్ పెట్టేస్తారు. "ఆఫ్టర్ ద రెయిన్" అంటే వెనుక నామవాచకమే, సింపుల్. "ఆఫ్టర్ ద రెయిన్ స్టాప్డ్" అంటే కర్త, క్రియ రెండూ వచ్చాయి, కాంప్లెక్స్. "బికాజ్ ఆఫ్"–"బికాజ్", "ఇన్ స్పైట్ ఆఫ్"–"దో" జతల్లోనూ ఇదే తేడా.

మార్చి రాయమంటే మార్కులు పోయేది "టూ… టు" దగ్గర. "ద బ్యాగ్ ఈజ్ సో హెవీ దట్ ఐ కెనాట్ లిఫ్ట్ ఇట్" కాంప్లెక్స్. సింపుల్‌లో "ద బ్యాగ్ ఈజ్ టూ హెవీ ఫర్ మి టు లిఫ్ట్" అని ఆపాలి. చివరి "ఇట్" వదిలేయడమే మేలు.

హన్మకొండ టెట్ బ్యాచ్:
సమజైంది సార్. మరి "హి కేమ్ అండ్ శాట్"? రెండు ఫైనైట్‌లున్నయ్ కదా.

కాజీపేట ఇంగ్లిష్ టీచర్:
కర్త ఒక్కడే, "అండ్" రెండు క్రియలను సమానంగా కలిపింది. కొందరు దీన్ని సింపుల్ అంటరు, కొందరు కాంపౌండ్ (సంయుక్త వాక్యం) అంటరు, గైడ్లలో రెండూ కనిపిస్తయి. నా లెక్కల సింపులే. కాంప్లెక్స్ అని మాత్రం ఎవ్వరూ అనరు, ఒకటి ఇంకోదాని మీద ఆధారపడలే గదా. "బట్", ఒంటరి "సో" రెండు పూర్తి వాక్యాలను కలిపితే కాంపౌండ్. "సో" వెనుక "దట్" వస్తేనే కాంప్లెక్స్ వైపు చూడు.