కారు ఏసీ గ్యాస్ ఇంటి దగ్గర మనమే ఎక్కించుకుంటే తప్పేంటి?

ఫ్రిస్కో బాబాయ్, శనివారం

టెక్సస్‌లో డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్నాం. బండి 2012 సెడాన్, నాలుగేళ్ల క్రితం సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఈ వారం బయట 104 ఫారన్‌హీట్, అంటే మన 40 డిగ్రీలు. హైవే మీద ఏసీ బాగానే ఉంటోంది. ఊళ్లోకి వచ్చి రెండు సిగ్నళ్లు ఆగితే చాలు, ఉత్త గాలే. వెనక సీట్లో పిల్లల గోల.

షాపులో అడిగితే చూడటానికే 160 డాలర్లు, గ్యాస్ డబ్బులు మళ్లీ వేరే అన్నారు. స్పేర్ పార్టుల దుకాణంలో ఆర్-134ఏ (కారు ఏసీ గ్యాస్) డబ్బా, దానికి గొట్టం, ఒత్తిడి చూసే చిన్న గేజ్ అన్నీ కలిపి 45 డాలర్లు. డబ్బాలో 12 ఔన్సులు, అంటే 340 గ్రాములు. ఆఫీసులో సగం మంది ఇలాగే ఎక్కించుకుంటారు. మా తమ్ముడు మాత్రం హైదరాబాద్ నుంచి ఫోన్‌లోనే కేకలేశాడు, "దాని జోలికి వెళ్లకు అన్నయ్యా, పేలిపోతుంది" అని. మీరేమంటారు? రేపు పొద్దున్నే పని పెట్టుకుందామనుకుంటున్నా.

కూకట్‌పల్లి క్లచ్, శనివారం

ఎక్కించుకోండి బాబాయ్, నాదీ పూచీ.

నా హ్యాచ్‌బ్యాక్‌కి వరసగా మూడేళ్లు, ఏప్రిల్ రాగానే గ్యాస్ కొట్టించాను. ప్రతిసారీ 1800. అతను గ్యాస్ తూచిందీ లేదు, లీక్ వెతికిందీ లేదు. సిలిండర్ గొట్టం తగిలించడం, ఇంజిన్ దగ్గర పైపు పట్టుకోవడం, "చల్లబడింది సార్" అనడం. పైపు పట్టుకుని చెప్పడానికి నా చెయ్యి పనికిరాదా? నాలుగో ఏడు విసుగొచ్చి రెండు గేజ్‌ల సెట్టు, లోపలి గాలిని లాగేసే పాత వ్యాక్యూమ్ పంపు కొన్నాను. మొదటిరోజే సబ్బు నురగ పెట్టి చూస్తే గ్యాస్ ఎక్కించే వాల్వు లోపలి పిన్ను దగ్గర బుడగలు. సైకిల్ ట్యూబు పిన్ను లాంటిదే. 60 రూపాయలు. తర్వాత రెండు వేసవులు గడిచాయి, మళ్లీ గ్యాస్ ముట్టుకోలేదు.

అమెరికాలో చట్టం కూడా అడ్డు రాదు. డబ్బు తీసుకుని పని చేసేవాళ్లకే సర్టిఫికెట్ కావాలి. సొంత బండికి చిన్న డబ్బా వాడుకోవచ్చు. 2018 నుంచి ఆ డబ్బాలకు గొట్టం పీకగానే దానంతటదే మూసుకునే వాల్వు ఉండాలని రూల్ కూడా పెట్టారు. కావాలని గ్యాస్ గాల్లోకి వదలడం మాత్రం నేరం.

పాత స్పానర్, శనివారం

విజయవాడ ఆటోనగర్‌లో 22 ఏళ్లుగా ఏసీ పనే చేస్తున్నాను. క్లచ్ గారూ, మీకు తగిలినవాడు మెకానిక్ కాదు, గ్యాస్ అమ్ముకునేవాడు. వాడిని చూసి అందరినీ ఒకే గాటన కట్టకండి.

బాబాయ్ గారూ, ముందు మీ సంగతి. హైవే మీద చల్లగా ఉండి సిగ్నల్ దగ్గర వేడెక్కుతోందంటే నేనైతే గ్యాస్ ఊసే ఎత్తను. బండి పరుగెడుతుంటే ఎదురుగాలి కండెన్సర్‌ని, అంటే ఏసీ గ్యాస్ వేడిని బయటికి వదిలే ముందు జాలీని, చల్లారుస్తుంది. ఆగితే ఆ పని ఫ్యాన్ చెయ్యాలి. ఏసీ వేసి, బానెట్ ఎత్తి, ముందున్న ఫ్యాన్లు తిరుగుతున్నాయో లేదో చూడండి. కొన్ని బండ్లకు రెండుంటాయి, రెండూ చూడండి. కండెన్సర్ రెక్కల మధ్య దుమ్ము, పురుగులు పట్టి ఉన్నా ఇదే లక్షణం. నీళ్లు మెల్లగా కొట్టి కడగండి. అందాకా డబ్బా కొనొద్దు.

ఇక అసలు ప్రశ్న. పెట్రోల్ లాగా ఏసీ గ్యాస్ వాడేకొద్దీ ఖర్చయ్యేది కాదు. లోపలే తిరుగుతుంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారినట్టే. రబ్బరు గొట్టాల్లోంచి ఏడాదికి కొన్ని గ్రాములు పోవడం మామూలే. అది పదేళ్ల లెక్క. ఏటేటా నింపాల్సి వస్తోందంటే పంక్చరు వేయించకుండా రోజూ గాలి కొట్టించుకుంటున్నారన్న మాట.

తూకం రాయి, శనివారం

ఇద్దరూ ఒక్క మాట వదిలేశారు. ఆ డబ్బాతో వచ్చే గేజ్, లోపల గ్యాస్ ఎంతుందో చెప్పదు. చెప్పలేదు కూడా.

ఇంట్లో వంట గ్యాస్ గుర్తు తెచ్చుకోండి. 14.2 కిలోల సిలిండర్ నిండుగా ఉన్నా, సగమైనా మంట ఒకేలా ఉంటుంది. ఎంత మిగిలిందో తెలియాలంటే తూచాలి, లేకపోతే ఎత్తి చూడాలి. లోపల కాస్త ద్రవం ఉన్నంతసేపూ ఒత్తిడిని నిర్ణయించేది వేడి, పరిమాణం కాదు. ఆర్-134ఏ కూడా అంతే. ఇంజిన్ ఆపేసి చూస్తే 30 డిగ్రీల ఎండలో గేజ్ 97 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) దగ్గర ఉంటుంది, 40 డిగ్రీలకు 133. లోపల 200 గ్రాములున్నా అంతే, 500 ఉన్నా అంతే.

ఇంజిన్ నడుస్తుండగా చూసేదీ నమ్మడానికి లేదు. బయటి ఎండ, ఫ్యాన్ వేగం, ఇంజిన్ వేగం, అద్దాలు దించి ఉన్నాయా ఎత్తి ఉన్నాయా, అన్నీ ఆ ముల్లును కదుపుతాయి. పైగా ఇప్పటి చాలా కార్లలో కంప్రెసర్ (గ్యాస్‌ని నొక్కి తిప్పే పంపు) తన పంపింగ్‌ని తానే తగ్గించుకుంటూ, పెంచుకుంటూ లో సైడ్, అంటే అది గ్యాస్‌ని పీల్చుకునే వైపు, ఒత్తిడిని ఒకేచోట నిలబెడుతుంది. అలాంటి బండిలో గేజ్ మీద 'సరిపోయింది' అనే ఆకుపచ్చ గీతలో ముల్లుందంటే కంప్రెసర్ తన పని చేసుకుంటోందని, అంతకుమించి ఏమీ లేదు.

ఎంత గ్యాస్ పట్టాలో బానెట్ కింద స్టిక్కర్ మీద గ్రాముల్లో రాసేది అందుకే. చిన్న కార్లలో మొత్తం గ్యాసే అరకిలో అటూ ఇటూ. అందులో 100 గ్రాముల తేడా అంటే ఐదో వంతు.

కూకట్‌పల్లి క్లచ్, శనివారం

ఒప్పుకుంటా. అందుకే నేను గేజ్ చూసి ఎక్కించను. కూరగాయలు తూచే చిన్న కాటా మీద డబ్బా పెట్టి, 50 గ్రాములు పోసి ఆపుతా. గాలి వచ్చే ఏసీ మూతి దగ్గర థర్మామీటర్ పెట్టి పది నిమిషాలు చూస్తా. ఇంకా చల్లబడితే మరో 50. మార్పు లేకపోతే అక్కడితో సరి.

తూకం రాయి, శనివారం

మీరు తూస్తున్నది పోసినదాన్ని. బండిలో అప్పటికే ఎంతుందో మీ కాటాకి తెలియదు. అది తెలియాలంటే ఉన్నదంతా మెషీన్‌తో బయటికి లాగి, వ్యాక్యూమ్ పెట్టి, స్టిక్కర్ మీదున్నంత తూచి పోయాలి. మీ థర్మామీటర్ పద్ధతి గుడ్డిగా పోయడం కంటే వంద రెట్లు నయం, కాదనను. కానీ మూతి దగ్గర చల్లదనం ఆగిపోయే చోటుకీ, కంప్రెసర్ గ్యాస్‌ని తోసే వైపు ఒత్తిడి హద్దు దాటే చోటుకీ మధ్య జాగా ఎంతన్నది బండిని బట్టి మారుతుంది.

పాత స్పానర్, శనివారం

వ్యాక్యూమ్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. అది గాలి తీయడానికే అనుకుంటారు. సగం పని తేమ తీయడం. లోపల తడి మిగిలితే ఎక్స్‌పాన్షన్ వాల్వు (ద్రవం సన్నటి దారిలోంచి పోయి చల్లబడే చోటు) దగ్గర మంచు గడ్డ కట్టి దారి మూస్తుంది, నూనెతో కలిసి ఆమ్లమై కంప్రెసర్‌ని తింటుంది. డబ్బా గొట్టం తగిలించే ముందు అందులోని గాలిని కాస్త గ్యాస్‌తో తోసేయాలని రాసి ఉంటుంది, నూటికి తొంభై మంది చెయ్యరు. ఆ గొట్టంలో ఉన్న గాలి, తడి నేరుగా లోపలికి.

మన దేశంలో దొరికే 450 గ్రాముల డబ్బాల గురించి ఇంకో మాట, ఇది ముఖ్యం. అమెరికా డబ్బా గొట్టం లో సైడ్ వాల్వుకే పడుతుంది, హై సైడ్ (కంప్రెసర్ గ్యాస్‌ని నొక్కి తోసే వైపు) వాల్వు లావు, దానికి ఎక్కదు. ఇక్కడ కుర్రాళ్లు వాడేది రెండు గేజ్‌ల సెట్టు. నీలం లో సైడ్‌కి, ఎరుపు హై సైడ్‌కి, రెండూ తగిలించే ఉంటాయి. ఇంజిన్ నడుస్తుండగా పొరపాటున ఎరుపు తిప్పారా, 200 పీఎస్‌ఐకి పైగా ఉన్న వేడి గ్యాస్ వెనక్కి డబ్బాలోకి తన్నుతుంది. ఆ రేకు డబ్బా అంత ఒత్తిడికి కాదు. మా వీధిలోనే ఒక కుర్రాడి చేతిలో పగిలింది. కళ్లజోడు ఉండబట్టి కన్ను మిగిలింది. బాబాయ్ గారి తమ్ముడు అన్నది ఊరికే భయపెట్టడం కాదు, కారణం ఇదీ. డబ్బా ఎండలో డిక్కీలో వదిలేయకండి. 49 డిగ్రీలు దాటనివ్వొద్దని దాని మీదే ఉంటుంది, మన మే నెలలో మూసిన కారు అంతకంటే వేడెక్కుతుంది.

గోదారి గట్టు, ఆదివారం

చర్చ పైసల చుట్టూనే తిరుగుతోంది. ఆర్-134ఏ ఒక కిలో గాల్లో కలిస్తే 1430 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. బాబాయ్ గారి 340 గ్రాముల డబ్బా మొత్తం కారిపోయిందనుకుంటే 486 కిలోలు, అంటే 200 లీటర్లకు పైగా పెట్రోల్ కాల్చినట్టు. లీక్ ఉన్న బండికి ఏటా డబ్బా పోయడమంటే ఏటా అంత. యూరప్‌లో 2017 నుంచి కొత్త కార్లలో ఈ గ్యాస్ కుదరదు. అమెరికాలోనూ ఇప్పటి కొత్త కార్లు దాదాపు అన్నీ ఆర్-1234వైఎఫ్ అనే వేరే గ్యాస్‌తోనే వస్తున్నాయి. కాలిఫోర్నియాలో డబ్బా కొంటే 10 డాలర్ల డిపాజిట్ కట్టించుకుని, డబ్బా తిరిగి ఇస్తేనే వెనక్కిస్తారు. అడుగున మిగిలిన గ్యాస్ చెత్తబుట్టలోకి పోకూడదని.

కూకట్‌పల్లి క్లచ్, ఆదివారం

గట్టు గారూ, మా ఏరియాలో మెకానిక్ పాత గ్యాస్‌ని ఏం చేస్తాడో తెలుసా? పిన్ను నొక్కి "ఇస్స్" అని వదిలేస్తాడు. లాగి దాచే మెషీన్ ఎంతమంది దగ్గరుంది? స్పానర్ గారూ, మీరు చెప్పండి.

పాత స్పానర్, ఆదివారం

నా దగ్గరుంది. మా వరసలో అందరి దగ్గరా లేదు. అబద్ధం ఎందుకు.

బే ఏరియా బుల్లోడు, ఆదివారం

హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్లవాళ్లు ఈ చర్చ చదివి డబ్బా కొనేయకండి. వాటిలో కంప్రెసర్‌ని తిప్పేది హై వోల్టేజ్ మోటారు, అది గ్యాస్‌తో తిరిగే నూనెలోనే తడుస్తుంటుంది. అందుకే కరెంటు పారని పీఓఈ అనే రకం నూనె వాడతారు. మామూలు డబ్బాల్లో చాలావాటిలో పీఏజీ అనే మరో రకం నూనె కలిపి ఉంటుంది. అది కొంచెం కలిసినా లోపలి ఇన్సులేషన్ దెబ్బతింటుంది, బండి తప్పు చూపించి ఏసీ ఆపేస్తుంది. ఆ కంప్రెసర్ ధర వింటే నిజంగానే చల్లబడతారు. "లీక్ ఆపే మందు కలిపినది" అని రాసి ఉన్న డబ్బాలైతే ఏ బండికీ వద్దు. ఆ మందు గ్యాస్ లాగే మెషీన్‌లో చేరి గడ్డకడుతుందని చాలా షాపులు ఆ బండిని ముట్టుకోవు కూడా.

ఫ్రిస్కో బాబాయ్, ఆదివారం

అందరికీ నమస్కారం. తిట్టుకోండి. మీరు రాసినవన్నీ చదవకముందే పని కానిచ్చేశాను.

పొద్దున ఏడింటికి, ఇంకా చల్లగానే ఉంది. ఇంజిన్ వేసి లో సైడ్‌కి గొట్టం పెడితే ముల్లు 30 దగ్గర. డబ్బా వెనక పట్టికలో ఆ వేడికి 45 రావాలని ఉంది. ఆగాగి డబ్బా ఊపుతూ పోశాను, 45 వచ్చింది. గాలి కూడా కొంచెం చల్లబడినట్టే అనిపించింది. మా ఆవిడకి ఫొటో కూడా పంపాను. తొమ్మిదింటికి బయటికి తీస్తే రెండో సిగ్నల్ దగ్గర కంప్రెసర్ టక్ మని ఆగడం, మళ్లీ పడటం, మళ్లీ ఆగడం. గాలి నిన్నటికంటే వేడి.

ఇంటికొచ్చి స్పానర్ గారి మాట ప్రకారం బానెట్ ఎత్తాను. రెండు ఫ్యాన్లలో ఒకటి కదలడం లేదు. చేత్తో తిప్పితే తిరుగుతోంది, కరెంటే రావడం లేదు. ఫ్యాన్‌కి కరెంటు పంపే చిన్న స్విచ్చు (రిలే) పక్కన హారన్ రిలే కూడా అలాంటిదే కనిపిస్తే పీకి ఇక్కడ పెట్టాను. తిరిగింది! కానీ ఇప్పుడు లోపల గ్యాస్ ఎక్కువైపోయినట్టుంది. డబ్బా వంటింటి కాటా మీద పెట్టి, మూతకు పోను లెక్కేస్తే నేను పోసింది 150 గ్రాములు. కొంచెం వదిలేస్తే పోదా?

తూకం రాయి, ఆదివారం

వదలొద్దు. అక్కడ నేరం, పైగా ఎంత వదలాలో కూడా మీకు తెలియదు. ఇప్పుడు జరుగుతున్నది ఏంటంటే, కండెన్సర్‌లో ద్రవం ఎక్కువై, చల్లారడానికి చోటు తగ్గి, హై సైడ్ ఒత్తిడి పెరిగి సెన్సర్ కంప్రెసర్‌ని ఆపేస్తోంది. అది మిమ్మల్ని కాపాడుతోంది. ఏసీ వేయకుండా షాపుకి తీసుకెళ్లి, అంతా లాగి తూచి పోయమనండి. లాగినప్పుడు ఎన్ని గ్రాములు వచ్చిందో రాసివ్వమని అడగండి, మర్చిపోకండి.

కూకట్‌పల్లి క్లచ్, ఆదివారం

బాబాయ్, 50 గ్రాములు పోసి ఆగమన్నానా లేదా?

ఫ్రిస్కో బాబాయ్, బుధవారం

షాపు నుంచి ఇప్పుడే వచ్చాను. స్టిక్కర్ మీద ఉండాల్సింది 500 గ్రాములు. మెషీన్ లాగింది 605. అందులోంచి నా 150 తీసేస్తే 455. మెషీన్ కొలతలో కాస్త అటూ ఇటూ ఉంటుందన్నాడు గానీ, మొత్తానికి బండిలో గ్యాస్ ముందునుంచీ బాగానే ఉంది. పాత ఓనర్ ఇచ్చిన బిల్లులు వెతికితే నాకు అమ్మేముందే కండెన్సర్ మార్పించి గ్యాస్ నింపించినట్టుంది. నాలుగేళ్లలో తగ్గింది 45 గ్రాములు.

ఖర్చు: డబ్బా 45, షాపులో లాగి తూచి పోసినందుకు 190, రిలే 18 డాలర్లు. ఇప్పుడు 40 డిగ్రీల ఎండలో సిగ్నల్ దగ్గర మూతిలో 9 డిగ్రీలు చూపిస్తోంది. హారన్ కూడా మోగుతోంది.

పాత స్పానర్, బుధవారం

అంటే 18 డాలర్లకు అయ్యే పని.

కూకట్‌పల్లి క్లచ్, బుధవారం

ఆ 18 డాలర్ల పని ఇంటి దగ్గర సొంతంగా చేసుకున్నది ఎవరండీ? బాబాయే. అది నా వైపు లెక్క రాయండి.

తూకం రాయి, బుధవారం

రాస్తాం. 235 ఎవరి వైపు రాయాలో కూడా చెప్పండి.