కరమోజాలో క్లినిక్ కట్టాలా, నర్సుకు ఇల్లు కట్టాలా?

ఎర్రమట్టి:
కంపాలాలో ఉంటున్న తెలుగువాళ్ళం పదిహేను మందిమి కలిసి, ఉగాండా ఈశాన్య మూలన ఉన్న కరమోజాలో ఒక క్లినిక్ కట్టాలనుకుంటున్నాం. రెండు గదులు, ఒక ప్రసవాల గది, సోలార్ ఫ్రిజ్, నీళ్ళ ట్యాంకు. స్థలం ఊరివాళ్ళే చూపించారు. అక్కడికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం పది కిలోమీటర్లు. నేను వెళ్ళిన మూడుసార్లూ తాళమే కనిపించింది. ఇటుకల బేరం కూడా అయింది. మీ అభిప్రాయం చెప్పండి.

మందులకొట్టు:
ఇటుకల బేరం అయ్యాక అభిప్రాయం అడగడం మన పద్ధతే లెండి. ఒక్క ప్రశ్న. ఆ తాళం ఎందుకు పడిందో కనుక్కున్నారా?

తూర్పు ఉగాండాలో పన్నెండేళ్ళు మందుల సరఫరా పని చేశాను. బయట దాతల పేర్లు చెక్కిన పాలరాతి ఫలకం, లోపల గబ్బిలాలు. ఇలాంటి భవనాలు చాలానే చూశాను. ఒకచోట నర్సు ఇంజెక్షన్ల గదిలోనే చాప పరుచుకుని పడుకునేది. బల్ల కింద బొగ్గుల పొయ్యి, కిటికీ ఊచలకు ఆరేసిన యూనిఫాం. పిల్లవాణ్ణి వాళ్ళ అమ్మమ్మ దగ్గర వదిలి వచ్చింది. ఏడు నెలలు ఓర్చుకుని వెళ్ళిపోయింది. తప్పు పట్టగలమా?

ఇక డబ్బు సంగతి. ఉగాండాలో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఫీజులు 2001లోనే ఎత్తేశారు. మీరు ఫీజు పెడితే పేదవాడు రాడు. పెట్టకపోతే మూడో ఏడు జీతాలు ఎవరిస్తారు? గోడలకు చందా పుడుతుంది, జీతాలకు పుట్టదు. ఆ డబ్బుతో, ఉన్న కేంద్రం పక్కనే నర్సుకు రెండు గదుల ఇల్లు కట్టండి.

వానకోయిల:
మీ మాట సబబే కానీ పూర్తిగా ఒప్పుకోను. అదే కరమోజాలో, మతానీలో కాథలిక్ మిషన్ ఆసుపత్రి దశాబ్దాలుగా నడుస్తోంది. అదీ బయటివాళ్ళు కట్టిందే కదా! సర్కారు కదిలేదాకా నొప్పులు పడుతున్న మనిషిని ఆగమంటామా? వానల్లో, వాగు పొంగినప్పుడు, బోడాబోడా (అక్కడి బైకు టాక్సీ) వెనక కూర్చుని పది కిలోమీటర్లు వెళ్ళి చూడండి.

మందులకొట్టు:
మతానీ ఉదాహరణ నా వాదనకే పనికొస్తుందండీ. ఆ ఆసుపత్రికి నర్సింగ్ స్కూలు కూడా ఉంది. మనుషులను అక్కడే తయారుచేసుకుంటారు. పదిహేను మంది చందాతో అయ్యే పనా?

సూదిమందు:
నేను నర్సును. గుంటూరు జిల్లాలో ఇరవై ఏళ్ళు చేసి, ఆ తర్వాత రెండేళ్ళు కరమోజాలో ఉన్నాను. మీరంతా గోడల దగ్గరే ఆగిపోయారు. ఆ గదిలో ప్రసవాల బల్ల వేస్తున్నారా? అక్కడి స్త్రీలలో చాలామందికి మోకాళ్ళ మీద గానీ, గొంతుక్కూర్చుని గానీ కనడం అలవాటు. ఎత్తైన ఇనుప బల్ల ఎక్కి వెల్లకిలా పడుకోమంటే రెండోసారి రారు, ఇంట్లోనే కంటారు. నేను బల్లను గోడకు జరిపి, నేల మీద చాప, దానిపైన ప్లాస్టిక్ షీటు పరిచేదాన్ని. వాళ్ళ మంత్రసానిని కూడా లోపలికి రానిచ్చేదాన్ని. ఆ నెల నుంచే రావడం మొదలైంది.

ఫ్రిజ్ సంగతీ అంతే. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, కాన్పు తర్వాత రక్తస్రావం ఆపే ఆక్సిటోసిన్ కూడా. రోజుకు రెండుసార్లు తలుపు తీసి ఉష్ణోగ్రత రాసే మనిషి లేకపోతే అది ఒట్టి బీరువా. హైదరాబాద్ పేరున్న మందుల డబ్బాలు అక్కడ చూసి మురిసిపోయేదాన్ని. పంచేవాళ్ళు లేక అవే అలమరలో గడువు దాటడం కూడా చూశాను.

ఎర్రమట్టి:
నిన్న స్థలం చూపించిన పెద్దాయనకు ఫోను చేశాను. ఆ కేంద్రం నర్సు మొరోటో పట్నంలో అద్దెకు ఉంటోందట, వారానికి రెండు రోజులు వచ్చిపోతోందట. నేను వెళ్ళింది మిగతా రోజుల్లో. ఇల్లు కట్టిస్తే ఇక్కడే ఉంటుందేమో అడిగి చెప్పమన్నాను. జిల్లా ఆరోగ్యాధికారిని కూడా కలవాలి. ఇటుకలవాడికి ఆగమని చెప్పాను, బయానా మాత్రం తిరిగి ఇవ్వనంటున్నాడు. ఆ ఇటుకలు ఇంటికి సరిపోతాయో లేదో మేస్త్రీని అడగాలి.