ప్రసూతి సెలవు: ఈఎస్‌ఐ 70 రోజుల లెక్క ఎక్కడ తప్పుతోంది?

కొబ్బరాకు, అమలాపురం: రొయ్యల ప్లాంటులో తలకాయలు తీసే పని. కాన్పు 2026 ఫిబ్రవరిలో. ఆఖరి మూడు నెలలు పనికొస్తే సెలవు జీతం వచ్చేస్తుందని మేస్త్రీలు అంటున్నారు. నిజమేనాండీ?

పేరోల్, భీమవరం: కాదండి. జీతం నెలకి 21,000 లోపైతే డబ్బు ఇచ్చేది ఈఎస్‌ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా), యాజమాన్యం కాదు. వాళ్లు కాన్పు నెల నుంచి వెనక్కి లెక్కపెట్టరు. ఈఎస్‌ఐకి కట్టే చందా కాలాలు రెండు: ఏప్రిల్–సెప్టెంబరు, అక్టోబరు–మార్చి. జనవరి–జూన్ కాన్పులకి ముందు సెప్టెంబరు 30తో లెక్క మూసేస్తారు, జులై–డిసెంబరు కాన్పులకి మార్చి 31తో. అంటే మీరన్న కాన్పుకి వెనకటి రెండు కాలాలు, 2024 అక్టోబరు 1 నుంచి 2025 సెప్టెంబరు 30 వరకే చూస్తారు. అందులో కూలి పడిన రోజులు 70 ఉండాలి. అక్టోబరులో కొత్తగా చేరి జనవరి దాకా ఒక్క నాగా లేకుండా వచ్చినా ఈ కాన్పుకి అక్కరకు రాదు.

గట్టు మీద, నరసాపురం: ఇంకో తిరకాసు. కిలోల లెక్కన కూలిచ్చేచోట 24 రోజులు వచ్చిన మనిషికి ఈఎస్‌ఐ చందా కట్టే చలానాలో 10 రోజులే వేస్తుంటారు. ఈఎస్‌ఐ సైటులో కార్మికుల లాగిన్‌లోకి వెళ్తే నెలనెలా ఎన్ని రోజులు కట్టారో కనబడుతుంది. తేడా ఉంటే హాజరు కార్డు, కూలి చీటీ పట్టుకుని అప్పుడే దిద్దించాలి. కాన్పయ్యాక తిరగడం ఎవరి తరం కాదు.

కాంట్రాక్టరు మారినప్పుడల్లా కొత్త ఈఎస్‌ఐ నంబరు తీయించేస్తారు, అది మరీ చేటు. రోజులు ఒక్కోదాన్లో 40, 35 అని చీలిపోయి ఏదీ 70కి అందదు. చేరేటప్పుడే పాత నంబరు ఇవ్వాలి. ఇప్పటికే రెండుంటే కలపమని బ్రాంచి ఆఫీసులో అర్జీ పెట్టండి.

కొబ్బరాకు, అమలాపురం: తొలికాన్పుకి పుట్టింటికి వెళ్లిపోతే?

పేరోల్, భీమవరం: ఆయ్, ఇబ్బంది లేదు, క్లెయిమ్ ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు. గర్భం ధ్రువపత్రం ఫారం 17, కాన్పుది 18, క్లెయిమ్ 19. ఆగిపోయేది ఎక్కువగా ఇంటిపేరు దగ్గరే. ఆధార్‌లో అత్తింటిది, బ్యాంకులో పుట్టింటిది. ముందే ఒకటి చేసుకోండి. మొత్తం 26 వారాలు, కాన్పుకి ముందు 8 వారాలకి మించి వాడకూడదు. ఇద్దరు పిల్లలున్నాక మళ్లీ కాన్పయితే 12 వారాలే, ముందు 6.

తాటిబెల్లం, తణుకు: 21,000 దాటి ఈఎస్‌ఐ లేనివాళ్లకి యాజమాన్యమే ఇవ్వాలి. వారాలు అవే, లెక్క వేరు: డాక్టరు రాసిన కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో 80 రోజుల పని. సరుకు రాక ప్లాంటు ఆపేసిన లే-ఆఫ్ రోజులు కూడా ఈ 80లో కలుస్తాయి, హెచ్ఆర్ వాళ్లు మర్చిపోయేది ఇదే. కాన్పు ముందు భాగం గర్భం రుజువు చూపగానే ముందస్తుగా, మిగతాది కాన్పు రుజువు ఇచ్చిన 48 గంటల్లో. గర్భస్రావమైతే 6 వారాలు.

పంతులు, పాలకొల్లు: ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ప్రభుత్వోద్యోగినులకి 180 రోజులు. ఇద్దరు పిల్లల పరిమితి 2025లో తీసేశారు, పాత జీవో చూపించి కొర్రీ వేస్తే ఒప్పుకోవద్దు. తండ్రికి 15 రోజులు, బిడ్డ పుట్టిన ఆరు నెలల్లోపు వాడుకోవాలి. ప్రైవేటులో తండ్రులకి చట్టం ఏమీ ఇవ్వలేదు, కంపెనీ దయ. నియామక పత్రంలో రాసుంటేనే అడగ్గలరు.