వడిసెల గురి కుదరడం లేదు, తెలిసినవారు చెప్పండి

నల్లరేగడి:
పొద్దున ఆరింటి నుంచి తొమ్మిదిన్నర దాకా చేలోనే నిలబడ్డాను. కొట్టిన ప్రతి రాయీ ఎడమకే పోతోంది. రెండుసార్లు నా బొటనవేలికే తగిలి గోరు నల్లబడింది. దూరమూ పోవడం లేదు. పిట్టలకు, కుందేలుకు పనికొచ్చే మంచి వడిసెల ఏది? కొనాలా, చేసుకోవాలా? చాలా విసుగ్గా ఉంది, త్వరగా చెప్పండి.

పాతమంచె:
ఎడమకు పోతోందంటే కొస ఆలస్యంగా వదులుతున్నారు. ఒక కొసకు ఉచ్చు వేసి వేలికి తగిలించుకోండి, రెండో కొసను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టండి. తల మీద రెండు మూడు తిప్పులు చాలు. తాడు జనపనారది అయితే మంచిది, నైలాన్ జారుతుంది. మా నాన్న జొన్నచేలో మంచె ఎక్కి విసిరితే కొస ఛట్టుమని మోగేది. సగం పిట్టలు ఆ చప్పుడుకే లేచిపోయేవి.

నల్లరేగడి:
తాడుది కాదండీ, రబ్బరుది. రెండు కొమ్ముల కర్ర.

మాటలమూట:
అయితే అది తాడుతో తిప్పి విసిరే వడిసెల కాదు, ఉండేలు. ఉండ, విల్లు కలిసి ఉండేలు అయింది. మొదట అది నిజంగా విల్లే. నారి మధ్యలో చిన్న అల్లిక పెట్టి అందులో మట్టి ఉండ ఉంచి కొట్టేవారు. రబ్బరు వచ్చాక పంగలకర్రకు ఆ పేరు దక్కింది. పేరు సరిగా చెప్పకపోతే సలహా కూడా తప్పే వస్తుంది, ఇప్పుడు జరిగింది అదే.

పాతమంచె:
మా వైపు దాన్ని గులేరు అంటారు. ఉండేలు అన్న మాట మా ఇంట్లో ఎవరి నోటా వినలేదు.

జామపంగ:
ఏ రబ్బరు? ఏ రాళ్లు? రెండు పట్టీల పొడవు కొలిచారా?

నల్లరేగడి:
మామూలు రబ్బరే, సైకిలు ట్యూబు. రాళ్లు గట్టు మీద ఏరినవి. కొలవలేదు.

అడవిపక్షం:
మిగతా సంగతుల కంటే ముందు ఇది చదవండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు, చంపబోవడం కూడా. కుందేలైనా చిలుకైనా అంతే. మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పైగా ఉండేలు దెబ్బకు పిట్ట వెంటనే చావదు. రెక్క విరిగి పొదలోకి పోయి రెండు రోజులు కొట్టుకుంటుంది. అలాంటి ఒక చిలుకను నేను చేతుల్లోకి తీసుకున్నాను. దయచేసి వేట ఆలోచన మానుకోండి.

నల్లరేగడి:
సరదాకు కాదండీ. జొన్న పాలకంకి మీద ఉంది. తెల్లారేసరికి చిలుకలు గుంపుగా దిగుతున్నాయి. నాలుగు రాలితే మిగిలినవి భయపడతాయని అనుకున్నాను.

జామపంగ:
ఈ మాట మొదటే చెప్పాల్సింది. పిట్టను కొట్టకండి, గుంపు లేచేలా చేస్తే చాలు.

ఇప్పటి ట్యూబులు ఎక్కువగా బ్యూటైల్ రబ్బరువి. గాలి బాగా నిలుపుతాయి కానీ లాగి వదిలితే మెల్లగా ముడుచుకుంటాయి. దూరం పోనిది అందుకే. సహజ రబ్బరు పట్టీ వాడండి. వెడల్పు కొమ్ము దగ్గర 20 మిల్లీమీటర్లు, రాయి పెట్టే తోలు దగ్గర 15 ఉండేలా ఏటవాలుగా కోయండి. అప్పుడు తెగితే సన్నటి వైపే, తోలు దగ్గరే తెగుతుంది. కొమ్ము దగ్గర తెగితే ముక్క నేరుగా మీ ముఖం మీదికి వస్తుంది, కంటికి అద్దాలు తప్పనిసరి. పట్టీలు ఎండలో వదలకండి, పగుళ్లు వస్తాయి.

గట్టు రాయి ఒక్కోటి ఒక్కో బరువు, గురి ఎలా కుదురుతుంది? బంకమట్టితో గోలీలంత ఉండలు ఒకే కొలతలో చేసి నీడన ఆరబెట్టండి. పది మీటర్లలో గోనెసంచి వేలాడదీసి సాధన చేయండి. బొటనవేలు కొమ్ము పైకి రానీయకండి. లాగేటప్పుడు తోలు మెలిపడకుండా చూసుకోండి. చేలో మనుషులు ఉన్న వైపు ఒక్క ఉండ కూడా వదలకండి.

పాతమంచె:
ఆ శ్రమంతా ఎందుకు? మంచె వేసి డబ్బా మోగించండి, చేను చుట్టూ మెరిసే రిబ్బను కట్టండి.

అడవిపక్షం:
రిబ్బను మంచిదే. కానీ రోజూ ఒకటే ఉంటే చిలుకలు అలవాటు పడతాయి, చోటు మారుస్తూ ఉండండి.

నల్లరేగడి:
కొలిచాను. ఒక పట్టీ అర అంగుళం పొట్టి. సరిచేశాక సంచికి తగులుతోంది. ధన్యవాదాలు, రిబ్బనుకు మనిషిని పంపాను.

మాటలమూట:
ఉండ పెట్టే ఆ తోలుముక్కకు మీ ఊళ్లో ఏదైనా పేరు ఉందా? పాతమంచె గారూ, గులేరులో దాన్ని ఏమంటారు?