గోండి భాషలో మన వికీ నిలబడుతుందా?

నార్నూర్_కుర్రోడు: 2011 జనాభా లెక్కల్లో గోండి మాట్లాడేవాళ్లు దాదాపు 30 లక్షలు. కానీ ఓపిగ్గా టైప్ చేసేవాళ్లు మా గ్రూపులో పదిమంది లోపే. సొంతంగా ఒక విజ్ఞాన సర్వస్వం పెడితే నడుస్తుందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

మొలకల_మేస్త్రి: సొంత సర్వర్ జోలికి పోకు తమ్ముడూ. మా ఊరి చరిత్ర కోసం మీడియావికీ (వికీపీడియా నడిచే సాఫ్ట్‌వేర్) ఎక్కించాం. పొద్దున్నే ‘ఇటీవలి మార్పులు’ తెరిస్తే అన్నీ పేకాట సైట్ల లింకులే. అవి తుడవడానికే టైమంతా పోయేది, రాసేదెప్పుడు? వికీమీడియా ఇంక్యుబేటర్‌లో (కొత్త భాషల వికీలను పరీక్షగా నడిపే చోటు) మొదలుపెట్టండి, ఖర్చు లేదు. అక్కడ నెలనెలా ఆగకుండా రాసే ముగ్గురు నలుగురు ఉన్నారా అనేదే ముఖ్యం. 30 లక్షల మంది లెక్క దేనికీ పనికిరాదు.

తుళునాడు_అల్లుడు: తుళు వికీ 2008లో ఇంక్యుబేటర్‌లో మొదలై 2016 ఆగస్టులో బయటికొచ్చింది. ఎనిమిదేళ్లు! కన్నడ లిపిలోనే రాసుకుంటూ పోయారు. వాళ్ల సొంత లిపి యూనికోడ్‌లో (కంప్యూటర్లు, ఫోన్లు అక్షరాలను గుర్తించే ప్రమాణం) చేరింది 2024లో. దానికోసం కూర్చుంటే ఇప్పటికీ మొదటి పేజీ ఉండేది కాదు.

నార్నూర్_కుర్రోడు: మా పంచాయితీ కూడా అక్కడే అన్నా. గోండి రాసే గుంజాల లిపి మా మండలంలోనే దొరికింది, 2018లో యూనికోడ్‌లోకీ వచ్చింది. చాలా ఫోన్లలో మాత్రం ఇంకా అక్షరాల బదులు డబ్బాలే కనిపిస్తాయి. మహారాష్ట్ర వైపు వాళ్లు దేవనాగరి అంటారు, మా పిల్లలకేమో తెలుగు లిపి అలవాటు.

మొలకల_మేస్త్రి: చేతికి వచ్చిన లిపిలో రాయండి. సెర్బియన్ వికీలో ఒకే వ్యాసాన్ని సిరిలిక్‌లోనూ లాటిన్‌లోనూ చదువుకోవచ్చు. అలాంటి ఏర్పాటు తర్వాతైనా చేసుకోవచ్చు. వ్యాసాల సంఖ్య చూసి మాత్రం మురిసిపోకండి. తెవికీలో (తెలుగు వికీపీడియా) ‘ఫలానా మండలానికి చెందిన గ్రామం’ అనే ఒక్క లైను మొలకలు వేలల్లో పడ్డాయి. వాటిని నింపడానికి ఏళ్లు పట్టింది.

కాపలా_పిల్లి: స్కాట్స్ వికీ సంగతి తెలుసుగా? భాష రాని అమెరికా కుర్రాడు వేల వ్యాసాలు రాసేశాడు. 2020 దాకా పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు మెషీన్ అనువాదం చేతికొచ్చింది కాబట్టి ఆ పని ఇంకా తేలిక. గోండి బాగా వచ్చిన ఒక పెద్దాయన వారానికోసారి కొత్త పేజీలు చదవకపోతే అసలు మొదలుపెట్టకపోవడమే నయం.

నార్నూర్_కుర్రోడు: పెద్దాయనలకు కొదవ లేదు. మూలాలతోనే చిక్కు. కేస్లాపూర్ నాగోబా జాతరకు మెస్రం వంశం వాళ్లు కాలినడకన గోదావరి నీళ్లు తెచ్చే పద్ధతి మా తాతలు పూసగుచ్చినట్టు చెప్తారు. అచ్చులో చూపించమంటే గోండుల మీద పరిశోధన చేసిన హైమెన్‌డార్ఫ్ ఇంగ్లీషు పుస్తకాలు, తెలుగు పేపర్ల కటింగులు తప్ప ఏముంది?

తుళునాడు_అల్లుడు: ఆ రెండూ మూలాలే, పనికొస్తాయి. తాతగారి మాటలు రికార్డు చేసి, ఆయన ఒప్పుకుంటే వికీమీడియా కామన్స్‌లో (ఫొటోలు, ఆడియోలు అందరికీ ఉచితంగా ఉంచే చోటు) పెట్టండి. వ్యాసానికి మూలంగా ఒప్పుకోకపోవచ్చు, వినేవాళ్లకైనా దొరుకుతుంది.

కాపలా_పిల్లి: నన్నడిగితే రికార్డింగులతోనే మొదలుపెట్టండి. వికీ రెండేళ్లు ఆగినా పర్వాలేదు, తాతగారిని ఆగమనలేం కదా.